ముందు ఇంటిపేరు, ఆ తరువాతే పేరు

జూన్‌లో పాత ఇల్లు కొనుక్కుని దిగారు. పెరట్లో ఏడు పొదలు. ఒక్కదాని పేరూ మీకు రూఢిగా తెలియదు. దసరాలోపు అన్నీ కొట్టించేసి బండలు పరిచేద్దామని మేస్త్రీ తొందరపెడుతున్నాడు. ఇంట్లో మూడేళ్ళవాడొకడు, ఐదేళ్ళ పిల్లొకతి. ఏవి ఉంచాలి, ఏవి తీయాలి అని అడిగారు. ఫొటోలు పదకొండు పంపారు. అందులో ఎనిమిది పూల ముఖాలే, పెళ్ళిచూపులకు పంపే ఫొటోల్లాగా ఒక్కో పువ్వూ ఎదురుగా నిలబడి నవ్వుతోంది. చూడముచ్చటగానే ఉన్నాయి కానీ, నాకు ఎక్కువగా అక్కరకొచ్చినవి మిగిలిన మూడే.

నేను ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. రాజమండ్రిలో ఉంటాను కాబట్టి కడియం నర్సరీలు నాకు పక్కవీధి లాంటివి. ఇన్నేళ్ళలో ఎవరు మొక్క పేరు అడిగినా చేతిలో పువ్వు పట్టుకునే వచ్చారు. పువ్వు మీద నాకు కోపం లేదు. కానీ పువ్వు పొద్దున పూసి సాయంత్రం రాలిపోతుంది, నర్సరీవాడి చేతిలో రంగు మారుతుంది, రేకులు రెట్టింపై ముద్దవుతుంది. ఆకు కొమ్మను పట్టుకునే తీరు మాత్రం మారదు. అందుకే నేను పువ్వును చివర్న చూస్తాను.

మనం తెలుగువాళ్ళం ఇంటిపేరు ముందు చెప్పి ఆ తరువాత పేరు చెబుతాం. శాస్త్రంలోనూ అంతే. 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ దేశస్థుడు ప్రతి మొక్కకూ రెండు మాటల పేరు పెట్టే పద్ధతి స్థిరపరిచినప్పుడు, పెద్ద గుంపు పేరు ముందు, సొంత పేరు వెనక పెట్టాడు. తెలియని మొక్క ఎదురైనప్పుడు కూడా ఆ వరసలోనే వెళ్ళాలి. ఇది ఏ ఇంటిదో తేలితే పని సగం పైన అయినట్టే. ఇంటిపోలికలు మనుషుల్లోకన్నా మొక్కల్లోనే బాగా దొరుకుతాయి.

ఆ పోలికలు పట్టుకోవడానికి నేను పొద దగ్గరికి వెళ్ళి మొదట చూసేది కణుపు. ఆకులు కణుపు దగ్గర ఎదురెదురుగా జంటగా ఉన్నాయా, ఒకటి అటు ఒకటి ఇటు విడివిడిగా ఉన్నాయా, మూడేసి నాలుగేసి చుట్టూ కూర్చున్నాయా? రెండోది, ఆకు తొడిమ విరిస్తే పాలు వస్తాయా? మూడోది వాసన. ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకోండి. నోట్లో మాత్రం పెట్టుకోకండి. పాలు చేతికంటితే కడుక్కునేదాకా కళ్ళు నలుపుకోకండి.

ఆకు అన్నాను కదా, అక్కడే ఒక చిక్కుంది. కరివేపాకు రెమ్మ మొత్తం కలిపి ఒక ఆకు. మనం తాలింపులో దూసి వేసేవి చిరుఆకులు. ఏది ఆకో ఏది చిరుఆకో తెలియాలంటే మొదట్లో చూడండి. ఆకు మొదట్లో, కొమ్మకు అంటుకున్న చోట, ఒక చిన్న మొగ్గ ఉంటుంది. చిరుఆకు మొదట్లో అది ఉండదు. ఈ ఒక్క సంగతి తెలియక ఏటా సగం క్లాసు ప్రాక్టికల్స్‌లో తప్పు రాసేది.

ఇక మీ పెరట్లోకి వద్దాం. గేటు దగ్గరి పసుప్పచ్చ బూరల చెట్టుతో మొదలుపెడతాను, ఎందుకంటే మీకు తొందరగా తెలియాల్సింది అదే. మీ ఫోను దాన్ని అల్లమండ అంది. ఎదురింటావిడ టెకోమా అన్నారు. మీ అత్తగారు పచ్చగన్నేరు అన్నారు. ముగ్గురూ అన్నది నిజంగా ఒకేలాంటి పువ్వే, పచ్చటి గరాటా, ఐదు రేకులు. పువ్వుల మీద వాదిస్తే సాయంత్రమవుతుంది. ఆకు చూడండి, నిమిషంలో తేలుతుంది. టెకోమాది రెమ్మ ఆకు, చిరుఆకుల అంచులు రంపపు పళ్ళలా ఉంటాయి, విరిస్తే పాలు రావు, కాయలు చిక్కుడు కన్నా సన్నగా పొడుగ్గా వేలాడతాయి. అల్లమండకు పాలొస్తాయి కానీ ఆకులు వెడల్పుగా మూడేసి నాలుగేసి కణుపు చుట్టూ ఉంటాయి, కాయ గుండ్రంగా ముళ్ళతో ఉంటుంది. పచ్చగన్నేరు ఆకులు కత్తిరించిన రిబ్బన్ల మాదిరి సన్నగా పొడుగ్గా, ఒక్కొక్కటిగా కొమ్మ చుట్టూ మెట్లెక్కినట్టు ఉంటాయి. పాలు ధారగా వస్తాయి. కాయ ఆకుపచ్చగా, మూడు మూలలు తేలి ఉంటుంది, లోపల ఒక్కటే గట్టి టెంక. మీ నాలుగో ఫొటోలో పువ్వు వెనక, అస్పష్టంగా, ఆ మూలల కాయ కనిపిస్తోంది. ఫోను ఓడింది, మీ అత్తగారు గెలిచారు.

ఆ చెట్టులో అన్ని భాగాలూ విషమే. గింజ మరీ విషం, గుండె కొట్టుకునే లయ మీద దెబ్బ తీస్తుంది. మామూలు గన్నేరులోనూ అదే జాతి విషం ఉంది. కేరళలో ట్రావన్‌కోర్ దేవస్వం బోర్డు 2024 మేలో, వాళ్ళు అరళి అనే గన్నేరు పూలను నైవేద్యంలో, ప్రసాదంలో వాడొద్దని చెప్పింది కూడా అందుకే. శివుడికి పచ్చగన్నేరు పెట్టడం మా అమ్మకూ అలవాటే, నాకు ఆ చెట్టంటే ఇష్టం కూడా. అయినా మూడేళ్ళవాడు చేతికందిందల్లా నోట్లో పెట్టుకునే ఇంట్లో, గేటు పక్కన, కాయలు రాలే చోట దాన్ని ఉంచమని నేను చెప్పలేను. తీయించేయండి. కొట్టిన కొమ్మలను నీళ్ళ పొయ్యిలో పెట్టనివ్వకండి, పొగ మంచిది కాదు. మేకలవాళ్ళకు ఇవ్వకండి. కింద రాలిన టెంకలు ఏరి, గుంట తీసి లోతుగా పూడ్చండి, లేకపోతే వచ్చే వానలకు మళ్ళీ మొలకలొస్తాయి. ఎవరైనా పొరపాటున గింజ నమిలితే చిట్కాల జోలికి పోకుండా, కాయ ఒకటి చేతిలో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

గన్నేరు మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. మనకు గన్నేరు ఉంది, పచ్చగన్నేరు ఉంది, బిళ్ళగన్నేరు ఉంది, దేవగన్నేరు ఉంది. ఒకటి పెద్ద పొద, ఒకటి చిన్న చెట్టు, ఒకటి మోకాలెత్తు మొక్క, ఒకటి బోసి కొమ్మల చెట్టు. పచ్చగన్నేరూ దేవగన్నేరూ అమెరికా ఖండం మధ్యభాగం నుంచి వచ్చినవి, బిళ్ళగన్నేరు మడగాస్కర్ దీవిది, రక్తపు క్యాన్సర్లకు వాడే విన్‌క్రిస్టిన్ దాన్నుంచే తీస్తారు. ఎక్కడెక్కడివో వచ్చి మన పెరళ్ళలో కలిసిన ఈ నాలుగింటికీ పేర్లు పెట్టినవాళ్ళు ఏ కాలేజీకీ వెళ్ళలేదు. అయినా నాలుగింటికీ గన్నేరు అనే ఇంటిపేరే పెట్టారు. వృక్షశాస్త్రంలో కూడా నాలుగూ ఒకే కుటుంబం! నందివర్ధనం కూడా ఆ ఇంటిదే, జిల్లేడును కూడా ఇప్పుడు అందులోనే కలిపారు. పువ్వు మొగ్గలో ఉన్నప్పుడు రేకులు ఒకదాని మీద ఒకటి మెలితిరిగి ఉండటం ఆ ఇంటి పోలిక, విచ్చాక కూడా గాలిమరలా ఒకవైపు వాలి ఉంటాయి. క్లాసులో ఈ కుటుంబం గురించి చెప్పేటప్పుడు నేను లాటిన్ పేరు కంటే ముందు గన్నేరు అన్న మాటే బోర్డు మీద రాసేవాణ్ణి.

పేర్లు ప్రతిసారీ ఇలా కలిసిరావు. మీ ఆరో పొద సంగతి చూడండి. పాత ఇంటి యజమానురాలు వెనకాల గోరింట ఉందని చెప్పిందన్నారు, మీరు ఆకు నూరి పెట్టుకుంటే పండలేదన్నారు. పండదు. అది ముళ్ళ గోరింట. పేరు ఒకటేగానీ ఈ రెండింటికీ చుట్టరికమే లేదు. అసలు గోరింట దానిమ్మకు దగ్గర బంధువు. ముళ్ళ గోరింట కనకాంబరం, డిసెంబరు పూలు, అడ్డసరం ఉన్న ఇంటిది. ఆ ఇంట్లో చాలావాటికి కాయ ఎండాక చిటుక్కున పగిలి గింజలు ఎగజిమ్మే గుణం ఉంది. ఎండిన కనకాంబరం కాయ మీద నీటిచుక్క పడితే ఏమవుతుందో పిల్లలకు చూపించండి, ఆ పూటకు ఫోను అడగరు. ముదిరిన గోరింటకూ ముళ్ళుంటాయి, అందుకే జనం పొరబడతారు. తేడా ఏమిటంటే, గోరింటలో కొమ్మ కొసే ఎండి గట్టిపడి ముల్లవుతుంది. ముళ్ళ గోరింటలో ఆకు మొదట్లో, కణుపు దగ్గర, సూదుల్లాంటి ముళ్ళు గుత్తిగా ఉంటాయి. మీ ఫొటోలో అవి స్పష్టంగా ఉన్నాయి. పసుపు నారింజ కలిసిన పూలు పూస్తుంది. దాన్ని ప్రహరీ వారగా ఉంచుకోవచ్చు. నడిచే దారిలో ఉంటే తీసేయండి, నాకేమీ బాధ లేదు.

నుయ్యి పక్కన ఉన్నది. "ఆకులు గరుకుగా ఉప్పుకాగితంలా ఉన్నాయి, పూలు అసలు లేవు, ఇది పిచ్చి మొక్కేనా" అని అడిగారు. అమ్మా, అది పారిజాతం. దాన్ని గనక మేస్త్రీ ముట్టుకుంటే నేనే బస్సెక్కి వచ్చి అడ్డం పడుకుంటాను. ఆకులు ఎదురెదురుగా, గరుకు ఎంతంటే మా చిన్నప్పుడు పలక బలపం గీతలు వాటితో రుద్దేవాళ్ళం. లేత కొమ్మను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి తిప్పండి, గుండ్రంగా దొర్లదు, నాలుగు పలకలు తగులుతాయి. తలంబ్రాల చెట్టు కొమ్మకు కూడా నాలుగు పలకలుంటాయి, ఆకూ గరుకే, కానీ దాని ఆకు నలిపితే ఘాటు వాసన గుప్పుమంటుంది, కొమ్మ నిండా కొక్కేల్లాంటి ముళ్ళుంటాయి. మీదానికి ఆ రెండూ లేవు. ఇంకొక సాక్ష్యం కావాలంటే చెట్టు కింద వెతకండి. పోయినేటి కాయలు, రూపాయి బిళ్ళంత, పల్చగా, గోధుమరంగులో, మధ్యకు రెండుగా విడిపోయేవి దొరుకుతాయి. ఒక్కో సగంలో ఒక్కో గింజ.

పూలు లేవనుకోవడం మీ తప్పు కాదు. వానలు ముదిరాక మొదలుపెట్టి చలికాలం దాకా పూస్తుంది, అదీ రాత్రిపూట. తెల్లవారేసరికి చెట్టు మీద ఒక్కటీ ఉండదు, నేలంతా తెల్లటి రేకులు, నారింజరంగు కాడలు. మీరు లేచేసరికే పనామె ఊడ్చేస్తే ఎప్పటికీ చూడలేరు. ఇంకో నెల ఆగి, సాయంత్రం చెట్టు కింద పాత దుప్పటి పరిచి పడుకోండి. ఆ కాడల్ని ఎండబెట్టి పూర్వం బట్టలకు రంగు వేసేవారు. కొందరు దీన్ని పగడమల్లె అంటారు. ఇక్కడ మళ్ళీ మన పెద్దల కన్ను సరిగ్గానే పట్టింది, పారిజాతం నిజంగానే మల్లెల కుటుంబంలోదే. అలాగని మల్లె అన్న ప్రతిదాన్నీ నమ్మకండి, నాగమల్లి ఆ ఇంటిది కాదు.

ప్రహరీ వెంబడి ఉన్న పొద గురించి వంటామె "కరివేపాకే, జాతి వేరు" అందట. ఆవిడ చేతిలోని పోపుకు దండం పెట్టి చెబుతున్నాను, అది కరివేపాకు కాదు, మధుకామిని. ఆవిడ మరీ తప్పేమీ అనలేదు, రెండూ ఒక్క కుటుంబమే, నిమ్మ నారింజల కుటుంబం. చిరుఆకును ఎండకు ఎదురుగా పట్టుకుని చూస్తే సూదితో పొడిచినట్టు వెలుతురు చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు, నిమ్మాకులోనూ ఉంటాయి. కరివేపాకు రెమ్మకు పదిహేను, ఇరవై చిరుఆకులు ఉంటే మధుకామినికి ఐదో ఏడో ఉంటాయి, నున్నగా మెరుస్తూ, కొస వైపు కాస్త వెడల్పుగా. నలిపితే కరివేపాకు ఘుమఘుమ రాదు, పల్చగా నిమ్మతొక్క వాసన వస్తుంది. పండు కరివేపాకుది నలుపు, దీనిది ఎరుపు. పెళ్ళిళ్ళలో పూలగుత్తుల వెనక పచ్చగా పెట్టే రెమ్మలు చాలాసార్లు ఇవే. మంచి వాన పడ్డాక ఒక రాత్రి పొదంతా తెల్లగా పూసి వీధి చివరిదాకా వాసన వస్తుంది. కూరలో వేయకండి, కానీ ఉంచండి. కత్తిరిస్తే గోడలా గుబురుగా పెరుగుతుంది, మేస్త్రీ కట్టే పిట్టగోడ ఖర్చు తప్పుతుంది.

ఎర్రటి గుత్తుల పొద గురించి మీరు నూరు వరహాలు అని రాశారు. దగ్గరికొచ్చి ఆగిపోయారు. నూరు వరహాల పువ్వు సన్నటి కాడ చివర నాలుగు రేకుల నక్షత్రంలా పూర్తిగా విచ్చుకుంటుంది, ఆకులు జంటలు. మీదాని పువ్వు గొట్టంలా ఉండి మూతి దగ్గర కొంచెమే తెరుచుకుంది, ఆకులు కణుపుకు మూడేసి ఉన్నాయి, లేత కొమ్మలూ తొడిమలూ ఎరుపు తిరిగాయి. అది హమీలియా. అమెరికా ఖండపు వెచ్చటి నేలలది, మన దగ్గర పార్కుల్లో, రోడ్ల మధ్య విరివిగా వేశారు. తేనెపిట్టలకు దాని గొట్టం కొలిచి చేసినట్టు సరిపోతుంది, పొద్దున ఏడు గంటలకు చూడండి. మీరు ఇంటిపేరు మాత్రం తప్పు పట్టలేదు, నూరు వరహాలు, హమీలియా, గంధరాజం, ముస్సెండా, కాఫీ చెట్టు, అన్నీ ఒక ఇంటివే. ఆ ఇంటి ముద్ర ఎక్కడుంటుందో చెబుతాను, ఒకసారి తెలిస్తే జీవితాంతం పనికొస్తుంది. కణుపు దగ్గర పక్కపక్కనున్న రెండు ఆకుల తొడిమల మధ్య, కొమ్మ మీద, గోటి కొసంత మూడు మూలల పొలుసు ఉంటుంది. పువ్వు లేకపోయినా, కాయ లేకపోయినా, ఆకులు ఎదురెదురుగా లేదా చుట్టూ ఉండి, అంచులు నున్నగా ఉండి, మధ్యలో ఆ పొలుసు కనిపిస్తే ముందు ఈ ఇంటినే అనుకోండి.

పడకగది కిటికీ కింద ఉన్న దాని గురించి మీరు రాసిన రెండు వాక్యాలు మీ ఫొటోల కన్నా విలువైనవి. "సాయంత్రం అయ్యేసరికి మాగిన పండు వాసన వస్తోంది. పెరడంతా వెతికినా పండూ కనపడదు, పువ్వూ కనపడదు." మనోరంజితం అది. ఆకుసంపెంగ అని కూడా అంటారు. మీరు పువ్వును చూసే ఉంటారు, ఆకనుకుని వదిలేసి ఉంటారు. పువ్వు మొదట ఆకుపచ్చగానే ఉంటుంది, దళసరి రేకులు మూడూ మూడూ ఆరు. వాసన ఉండదు. పండబారి పసుపు తిరిగే రోజున మాత్రం వాసన ఇల్లు పట్టనివ్వదు. మనసులో ఏ పండు తలుచుకుంటే ఆ పండు వాసన వస్తుందని మా నాయనమ్మ చెప్పేది, నేను పనస అనుకుంటే పనసే వచ్చేది, మా చెల్లెలు జామ అనుకుంటే జామే వచ్చేది. ఇందులో శాస్త్రం ఎంతో అడగకండి.

గుర్తు పట్టడానికి పువ్వు కోసం ఎదురుచూడక్కర్లేదు. కొమ్మల మీద, అక్కడక్కడా, గట్టి కొయ్య కొక్కెం ఒకటి వంగి ఉంటుంది, గొడుగు పిడిలాగా. అది పువ్వు కాడే. దాన్ని ఆసరాగా పట్టుకుని పొద కాస్తా తీగలా పైకి పాకుతుంది. మీరు కిటికీ ఊచలకు చుట్టుకుందన్నారే, చుట్టుకోలేదు, కొక్కెం తగిలించుకుంది. ఆకులు జంటలు కావు, ఒకటి అటు ఒకటి ఇటు, రెండు వరసల్లో నున్నగా ఉంటాయి. సీతాఫలం ఆకుతో పక్కపక్కన పెట్టి చూడండి, ఇంటిపోలిక తెలుస్తుంది, ఇద్దరూ ఒక్క గూటివాళ్ళే. ఈ వాసనకు పాములొస్తాయని ఎవరో ఒకరు మీకు తప్పకుండా చెబుతారు. పాము వాసన పీల్చుకుంటూ పువ్వు దగ్గరికి రాదు, ఎలుకలూ కప్పలూ ఉన్న చోటికి, దాక్కోవడానికి చీకటి ఉన్న చోటికి వస్తుంది. అడుగున రెండు మూరల మేర కొమ్మలు తీసేసి, రాలిన ఆకులు ఊడ్పిస్తూ ఉంటే నేల కనపడుతుంది, మీకూ ధైర్యంగా ఉంటుంది. ఈ పొదను మన ఊళ్ళలో భయంతోనే నరికేశారు. ఇప్పుడు కావాలంటే నర్సరీలో గింజ మొక్క తెచ్చి పూత కోసం ఏళ్ళు కాచుకోవాలి.

ఇక వేపచెట్టు నీడన ఉన్న ఏడోది. ఎదురెదురు ఆకులు, ముదురాకుపచ్చ, మెరుపు, నడుమెత్తు పొద, పువ్వు లేదు. ఫొటో పైనుంచి తీశారు, కణుపు కనపడలేదు. నాకు రెండు పేర్లు తడుతున్నాయి, నందివర్ధనం లేదా గంధరాజం. ఈ రెండింటి మధ్య నేనొకసారి నవ్వులపాలైన కథ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక నర్సరీకి వెళ్ళి గంధరాజం అడిగాను. పూత లేని మొక్క ఇచ్చారు. ఆకు చూశాను, జంటలు, నున్నగా, మెరుస్తూ. సరే అనుకుని డబ్బిచ్చి తెచ్చి పాతాను. డబ్బివ్వకముందే ఆకు విరవడం మర్యాద కాదనిపించింది. ఏడాదికి పూసింది, ముద్ద నందివర్ధనం. మా ఆవిడ దేవుడి గూట్లో ఆ పూలు పెడుతూ "బాటనీ మాస్టారు గంధరాజం తెచ్చారు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది, ఇప్పటికీ చెబుతుంది. తొడిమ విరిచి ఉంటే పాలు చుక్క చెప్పేసేది. నందివర్ధనం గన్నేరు ఇంటిది కాబట్టి పాలుంటాయి. గంధరాజం కాఫీ ఇంటిది కాబట్టి పాలుండవు, పొలుసుంటుంది, మొగ్గల కొసన జిగురు మెరుస్తుంది. అప్పటినుంచి నేను నర్సరీకి వెళితే ఒక ఆకు విరిచే మాట్లాడతాను, తిట్టేవాళ్ళు తిట్టుకుంటారు.

ఫోను సంగతి కూడా అడిగారు. వాడండి, నేనూ వాడతాను. గూగుల్ లెన్స్ రంగునీ ఆకారాన్నీ చూసి చుట్టరికం కలిపేస్తుంది, అందుకే మీ పచ్చగన్నేరు అల్లమండ అయింది. ప్లాంట్‌నెట్ అనే మొక్కల యాప్‌లో ఫొటో ఏ భాగానిదో, ఆకా పువ్వా కాయా బెరడా అని చెప్పే వీలుంది, ఒకే మొక్కవి నాలుగైదు కలిపి ఇవ్వొచ్చు. అలా ఇస్తే బాగానే చెబుతుంది. ఏది వాడినా అది ఇచ్చే పేరును తీర్పుగా కాక ఊహగా తీసుకుని, ఆ పేరున్న మొక్కకు పాలుంటాయా, ఆకులు ఎలా ఉంటాయి అని వెతికి మీ మొక్కతో సరిచూసుకోండి. ఫొటో తీసేటప్పుడు పొదంతా ఒకటి, పక్కన చీపురో బకెట్టో పెట్టి తీస్తే ఎత్తు తెలుస్తుంది. ఒక జానెడు కొమ్మ తెల్ల కాగితం మీద పెట్టి, కణుపులు కనిపించేలా ఒకటి. ఆకు వెనకవైపు ఒకటి, అందరూ మర్చిపోయేది అదే. పువ్వును ముఖం కాకుండా పక్కనుంచి, కాడతో సహా. కింద రాలిన కాయ ఎంత ఎండినా పారేయకండి.

ఫోను కన్నా ముందు ఇంకొకరున్నారు. మీ వీధిలో పూలమ్మే ఆవిడ, గుడి దగ్గర పత్రి తెచ్చే ముసలాయన. 1781లో రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు సామర్లకోటకు వచ్చి, ఈస్టిండియా కంపెనీ తోట చూసుకుంటూ పదేళ్ళకు పైగా ఉండి, మన మొక్కలను వందల కొద్దీ బొమ్మలు గీయించాడు. లాటిన్ పేరు పక్కనే ఇక్కడివాళ్ళు పిలిచే తెలుగు పేరూ రాసుకున్నాడు. అంతటివాడే అడిగి తెలుసుకున్నాడు, మనం అడగడానికి మొహమాటమెందుకు? కాకపోతే వాళ్ళు చెప్పిన పేరు విన్నాక కూడా ఆకు విరిచి చూడండి, రాత్రిరాణి అని ఒకరు ఒక మొక్కను, పక్కింటివాళ్ళు ఇంకో మొక్కను పిలిచే రోజులివి. రాత్రి పూసే ఒక జెముడు జాతి మొక్కను బ్రహ్మకమలం అంటూ మన ఇళ్ళలో హారతులిస్తున్నారు, ఆ పేరున్న అసలు మొక్క హిమాలయాల ఎత్తుల్లో పెరుగుతుంది.

మేస్త్రీకి ఇలా చెప్పండి. గేటు దగ్గరిది తీసేయాలి, ముళ్ళ గోరింట మీ ఇష్టం. పారిజాతం, మనోరంజితం, మధుకామిని కదపొద్దు. వాటి చుట్టూ మూడేసి అడుగులు మట్టి వదిలి బండలు వేసుకోమనండి, మొదలు దాకా సిమెంటు పోస్తే నీరు దిగక రెండేళ్ళలో అవే చస్తాయి. హమీలియా అడ్డమైతే మోకాలి ఎత్తుకు నరికేయండి, మళ్ళీ చిగురుస్తుంది. ఏడోదాన్ని మాత్రం నా మాట వచ్చేదాకా ఆపండి. రేపు పొద్దున ఎండ ఎక్కకముందు దాని ఆకు ఒకటి తొడిమతో విరిచి, పాలు వచ్చాయో లేదో ఒక్క ముక్క రాయండి.